ఇంటికి చాలిన తెర



శనక్కాయలు అమ్ముడుపోయిన దినములలోను, బెంగుళూరుకు పనికి పోయిన పిల్లలు పండుగకు ఇల్లు చేరిన దినములలోను మన ఇండ్లలో ఒక ప్రశ్న పుట్టుచున్నది. నడిమింటిలో పెట్టుకొనుటకు ఏ టీవీ కొనవలెను? 32 అంగుళములదా, 43 అంగుళములదా, 55 అంగుళములదా? ఇది అంగడివానిని అడుగవలసిన ప్రశ్న గాని సంఘ పత్రికలో వ్రాయదగినది కాదని కొందరు తలంచవచ్చును. మేమట్లు తలంచుట లేదు. కూలియు సేద్యముతోను బ్రదుకు కుటుంబము ఆ సంవత్సరములో చేయు పెద్ద ఖర్చులలో ఇది యొకటి. ఇంటివారందరు కూర్చుండి, తిని, పండుకొను ఒకే గదిలో ఏండ్ల తరబడి నిలువబోవు వస్తువు ఇది. దానిని ఎన్నుకొనుటలో రూకల లెక్కయు ఉన్నది, మనస్సాక్షి లెక్కయు ఉన్నది. ఈ రెండు లెక్కలను ఈ నెల కలిపి చూతము.

ఈ విషయములో మేము ముఖ్యముగా ఆలోచింపగోరునది ఒక్క మాట: చాలును. అన్నము వడ్డించునప్పుడు ఆకుపై చేయి అడ్డముపెట్టి ఆ మాట సులువుగా పలుకుదుము, ఏలయనగా కడుపు తన కొలతను తానే చెప్పును. కంటికి అట్టి కొలత లేదు. ఎంత చూచినను ఇక చాలునని కన్ను ఒప్పుకొనదని ప్రసంగి గ్రంథకర్త ఏనాడో కనుగొనెను. అట్లయిన, కంటికొరకు కొను వస్తువులో చాలినంత అనగా ఎంత? దానిని ఎవరు నిర్ణయింపవలెను?

మొదట టీవీ మన నడిమింటికి ఎట్లు వచ్చెనో కొంచెము జ్ఞాపకము చేసికొందము. మన దేశములో టీవీ ప్రసారము 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమైనది. పల్లెలకు అది వచ్చిన విధము వేరు. 1975 ఆగష్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు అమెరికా వారి ఉపగ్రహము ఒకదాని సహాయముతో మన ప్రభుత్వము ఒక గొప్ప ప్రయోగము జరిగించెను. ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టీవీ సెట్టులు చేరెను. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. తెలుగులోను కార్యక్రమములు వచ్చెను. కోళ్లగూళ్లకు కట్టు ఇనుప వలతో చేసిన పెద్ద గొడుగులు ఆకాశమునుండి ఆ బొమ్మలను అందుకొనెను. ఆ సెట్టు ఏ ఒక్క ఇంటిదియు కాదు, ఊరిది. ఊరివారు నేలమీద కూర్చుండి చూచిరి. ఆ దినమున టీవీని గూర్చి అడుగవలసిన ప్రశ్న, వెనుక కూర్చున్నవానికి కనబడుచున్నదా అనునదే.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన సంవత్సరమున రంగుల ప్రసారము వచ్చెను. తరువాత సెట్టులు ఒక్కొక్క ఇంటికి చేరెను. అవి గాజు గొట్టము గల బరువైన పెట్టెలు. ఏదో ఒక మూలను బల్లమీద కూర్చుండి, పైన అల్లిక గుడ్డ కప్పుకొని, చూచువేళ తప్ప తక్కిన వేళలలో మూలనున్న వస్తువుగానే యుండెను. ఇప్పటి పలుచని తెర అట్లు కాదు. అది గోడ ఎక్కినది. మన పెద్దలు వాక్యపు పటమును, పెండ్లి ఫొటోను, క్యాలెండరును తగిలించిన ఆ నడిగోడనే అది అడుగుచున్నది. కనుక పలుచని టీవీ కొనుట అనగా ఇంటికి ముఖము ఎన్నుకొనుట. తొందరపడి చేయవలసిన పని కాదు.

బట్టల వ్యాపారమునకును కుట్టుపనికిని పేరొందిన మన పామిడిలో ఒక నియమము చిన్నపిల్లకును తెలియును: ఒంటి కొలత తీసికొనిన తరువాతనే గుడ్డ కోయవలెను. గుడ్డ కోసి, దానికి తగిన ఒంటిని వెదకు దర్జీ ఎక్కడను లేడు. టీవీ విషయములో మాత్రము మనము అదే చేయుచున్నాము. అంగడిలో తెరను చూచి ముచ్చటపడి కొని, ఇంటికి తెచ్చిన తరువాత మంచమును ఎటు త్రిప్పుదుమా, బీరువాను ఎక్కడ పెట్టుదుమా అని గదిని దానికి సరిపెట్టుచున్నాము.

అంగడికి పోకమునుపే గదిని కొలువుడి. టీవీ ఉండబోవు గోడనుండి మీ వారు కూర్చుండు చోటి వరకు ఎన్ని అడుగులో చూడుడి. తెర అంగుళములు మూలనుండి మూలకు కొలిచినవని మరువకుడి. 32 అంగుళముల తెర వెడల్పు సుమారు 28 అంగుళములు, 43 అంగుళములదానికి ముప్పది ఏడున్నర, 55 అంగుళములదానికి 48. తెర కొలతకు ఒకటిన్నర రెట్లు మొదలు రెండున్నర రెట్ల వరకు గల దూరమున కూర్చుండుట కంటికి హాయి. ఆ లెక్కన 32 అంగుళముల తెరకు 4 మొదలు ఆరున్నర అడుగులు, 43కు అయిదున్నర మొదలు 9 అడుగులు, 55కు 7 మొదలు పదకొండున్నర అడుగులు తగిన దూరము. మంచమును, ధాన్యపు మూటలను తీసివేసి చూచిన, మన మిద్దెయిండ్లలో చాల గదులకు 32గాని 43గాని సరిపోవును.

ఎత్తును గూర్చియు ఒక మాట. అంగడివారు చెప్పు ఎత్తు సోఫాలో కూర్చుండువారికి. మనవారు చాపమీద కూర్చుందురు. చాపమీద కూర్చున్నవాని కన్ను నేలకు సుమారు రెండున్నర అడుగుల ఎత్తున ఉండును. తెర నడిభాగము దానికి దగ్గరగా ఉండవలెను. తలుపుపైని తగిలించిన మెడనొప్పి వచ్చును. మట్టి అడుసుతో కట్టిన పాత గోడలలో మేకులు నిలువవు గనుక అట్టి ఇండ్లవారు వెడల్పయిన, బరువైన బల్లమీదనే పెట్టి, వెనుకనుండి గట్టిగా కట్టుట మంచిది. పలుచని తెర సులువుగా ముందుకు ఒరుగును. పాకులాడు బిడ్డ బల్లను పట్టుకొని లేచు ఇంట ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మనస్సాక్షి లెక్కకు వచ్చెదము. అంగడిలో హెచ్.డి., ఫుల్ హెచ్.డి., 4కె, 8కె అను పేర్లు వినబడును. ఇవి తెరమీది చుక్కల లెక్కలు. 32 అంగుళముల సాధారణ హెచ్.డి. తెరలో సుమారు 10 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్.డి.లో 20 లక్షలు, 4కెలో 83 లక్షలు, 8కెలో 3 కోట్ల 30 లక్షలు. లెక్క పెరిగిన కొలది ధర పెరుగును. కాని మన కంటికి ఒక హద్దు ఉన్నది. ఆరోగ్యమైన కన్ను ఒక డిగ్రీలో 60వ వంతుకంటె చిన్నదానిని వేరుచేసి చూడలేదు. దీనినిబట్టి లెక్కించిన, 43 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరను అయిదున్నర అడుగులకు ఆవలనుండి చూచువానికి చుక్కలు కలిసిపోయి ఒకే బొమ్మగా కనబడును. 8 అడుగుల దూరమున కూర్చున్నవానికి అదే కొలతగల 4కె తెరలోని అధికపు చుక్కలు కనబడవు. ఇప్పుడు పెద్ద కొలతలలో 4కె సెట్టులే ఎక్కువగా అమ్మబడుచున్నవి గనుక, ధరలో భేదము లేనప్పుడు తీసికొనుటలో తప్పులేదు. దానికొరకే అప్పు చేయుట మాత్రము కనబడని దానికి వెల యిచ్చుటయే.

ఇంకొక సంగతి. బొమ్మ వచ్చు మార్గము చిన్నదైనప్పుడు తెర పెద్దదైన లాభమేమి? 2004 డిసెంబరులో ఆరంభమైన డి.డి. ఫ్రీ డిష్‌కు నెలసరి రుసుము లేదు గనుక అది బీదలకు మేలైనది. సప్తగిరి చానలు కూడ దానిలో వచ్చును. అయినను అందలి చానళ్లు చాల వరకు పాత కొలతలోనే వచ్చుచున్నవి. వాటిని పెద్ద 4కె తెరపై చూచుట పాస్‌పోర్టు సైజు ఫొటోను ఫ్లెక్సీగా వేయించినట్లుండును.

అంగడిలో ఎల్.ఇ.డి. అని పిలుచునది ఎల్.సి.డి. తెరయే, వెనుకనుండి వెలుగునిచ్చునవి ఎల్.ఇ.డి. దీపములు. ఓ.ఎల్.ఇ.డి. తెరలో ప్రతి చుక్కయు తానే వెలుగును గనుక నలుపు నిజమైన నలుపుగా కనబడును. ఆ శోభ చీకటి గదిలో బాగుగా తెలియును, ధరయు చాల ఎక్కువ. వీధివైపు తలుపు తెరచియుండి పగటి వెలుగు నిండు మన ఇండ్లకు, తలుపునకు ఎదురుగాక ప్రక్క గోడకు పెట్టిన సాధారణపు తెరయే మేలు. అంగడిలో కన్ను చెదరునట్లు వెలుగుటకు అక్కడ సెట్టులను మిక్కిలి ప్రకాశముగా అమర్చియుంతురు. అదే వెలుగు ఇంట రాత్రి కంటికి భారము.

ఈ లెక్కలన్నియు చెప్పుటకు కారణము ఇది. మన కన్ను చూడలేని దానికి మనము వెల యిచ్చుచున్నామంటే ఎవరి కంటికొరకు ఇచ్చుచున్నాము? పొరుగువాని కంటికొరకే కాదా? ఎదురింటివారు 43 కొనిరి గనుక మనకు 50 కావలెను. తమ్ముని ఇంట 50 ఉన్నది గనుక అన్నగారి ఇంట 55 ఉండవలెను. ఇట్లు కొన్నప్పుడు తెర మన గోడమీద నున్నను దానిని నిజముగా చూచువాడు వీధిలో నుండును. మన కంటికి ఒక హద్దు ఉన్నది గాని పొరుగువాని కంటికి చాలినంత అనునది ఎన్నటికిని ఉండదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును, అది న్యాయమైనదే. "అయ్యగారూ, తృప్తిని గూర్చిన బోధ ఎప్పుడును బీదవానికేనా? సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన ఈ నేలలో, ఎండకు ఎండి పని చేసినవాడు సాయంకాలము ఒక అందమైన వస్తువును చూచి సంతోషించిన తప్పేమి?" తప్పేమియు లేదు. కరవునేలవారికి చిన్న తెర చాలుననుట మా యుద్దేశము కాదు. అందము, నవ్వు, పాట దేవుడు మనుష్యులందరికొరకు కలుగజేసినవి. చాలును అను కొలత ధనికునికిని ఇదే. హైదరాబాదు మేడలో ఒక్కడే కూర్చుండి చూచు 75 అంగుళముల తెరకంటె, పదిమంది చాపలమీద కూర్చుండి చూచు 43 అంగుళముల తెర పెద్దది కాదా?

మరియు చాలినంత అనునది ఎల్లప్పుడును తక్కువ కాదు. జనము ఎక్కువగానుండి గది పొడవైన ఇంట, అంగడివాడు 32 చాలునన్నను 43 తీసికొనుటయే న్యాయము. వెనుక కూర్చుండు అవ్వకు అక్షరములు కనబడవలెను. అయితే అవ్వ దినదినము తెర దగ్గరకు జరుగుచున్నదనిన, మొదట ఆమెను కంటి వైద్యునియొద్దకు తీసికొనిపోవుడి. శుక్లమైన యెడల పెద్ద తెర దానికి మందు కాదు. చిన్న శస్త్రచికిత్సతో చూపు మరల రావచ్చును. టీవీకి కూడబెట్టిన సొమ్ములో కొంత దానికి వెచ్చించిన ఇల్లు టీవీని సరిగా ఎన్నుకొన్న ఇల్లే.

అవ్వకు చెవియు ఉన్నది. పలుచని తెరలో ధ్వని పెట్టెలకు చోటు తక్కువ. చాల సెట్టులలో అవి క్రిందివైపునకో వెనుకవైపునకో తిరిగియుండును. అందుచేత మాటలు స్పష్టముగా వినబడవు. ధ్వని పెంచిన, ప్రక్కగదిలో పదవ తరగతికి చదువు బిడ్డకు చదువు సాగదు. అంగడిలో బొమ్మను చూచుటకు ముందు ఒకసారి కన్నులు మూసికొని వార్తలు చదువువాని మాటలు వినుడి. ఇంటిలోని మిక్కిలి బలహీనునికి కనబడునదియు వినబడునదియు ఏదో, అది ఆ ఇంటికి సరియైన టీవీ.

ఇక అప్పు మాట. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కవేసికొనవలెనని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో బోధించెను. టీవీ విషయములో లెక్కవేయవలసినది వడ్డీలేని వాయిదాలను. నగదు ఇచ్చువానికి 2,000 రూపాయలు తగ్గించు 30,000 రూపాయల సెట్టును మీరు నెలకు 2,500 చొప్పున 12 వాయిదాలలో తీసికొన్నారనుకొందము. తగ్గింపు మీకు రాలేదు. అనగా మీరు అప్పుగా తీసికొన్నది 28,000, తీర్చినది 30,000. నెలనెలా అసలు తగ్గుచు వచ్చును గనుక లెక్కించి చూచిన అది సంవత్సరమునకు సుమారు 13 శాతము వడ్డీ. పైగా ఫీజులు వేరు. సున్న వడ్డీ అనునది నిజమునకు లేదనియు అది వేరొక పేరున వసూలగుచున్నదనియు రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించెను.

మనకు ఇంకొక చిక్కు ఉన్నది. వాయిదాలు నెల జీతగానికొరకు ఏర్పడినవి. శనక్కాయ జూన్ జూలైలలో విత్తి అక్టోబరు నవంబరులలో పీకుదుము; సొమ్ము చేతికి వచ్చుట సంవత్సరమునకు ఒక్కసారి, వాన కరుణించిన యెడల మాత్రమే. సంవత్సరమునకు ఒకసారి వచ్చు ఆదాయము నెలనెలా వచ్చు వాయిదాను ఎట్లు మోయును? విత్తనములకు దాచిన సొమ్ములోనుండి టీవీ వాయిదా కట్టిన ఇల్లు మరుసటి వానకు షావుకారి వాకిట నిలుచును. కనుక సేద్యగాండ్రకు మా సలహా: పంట సొమ్ము వచ్చి, విత్తనమునకు, ఫీజులకు, అప్పునకు తీసిపెట్టిన తరువాత మిగిలినదానితో నగదుగా కొనుడి. మిగులని యెడల ఒక సంవత్సరము ఆగుడి. మునుపు 32 అంగుళముల వరకు గల సెట్టులకే తక్కువ పన్ను ఉండెను. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్దవాటిమీదను జి.ఎస్.టి. 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గెను. పన్ను గీసిన గీత చెరిగినది గనుక ఇక గీత మనమే గీసికొనవలెను.

ఆ గీతను ఎట్లు గీయవలెనో నిర్గమకాండము 16వ అధ్యాయమునుండి నేర్చుకొనవచ్చును. అరణ్యములో మన్నా కురిసినప్పుడు ఇశ్రాయేలీయులు దానిని చేతి బలమునుబట్టి కాక, గుడారములో ఎందరున్నారో వారి లెక్కనుబట్టి కూర్చుకొనవలసియుండెను. తలకు ఒక్క ఓమెరు. ఎక్కువ కూర్చినవానికి మిగులలేదు, తక్కువ కూర్చినవానికి కొదువ కాలేదు. ఇందులో రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, కొలత గుడారములోనే ఉన్నది. ప్రక్క గుడారములో ఎంత ఉన్నదని ఎవరును చూడనక్కరలేకపోయెను. రెండవది, ఆ కొలత ప్రతి గుడారమునకు ఒకటే కాదు. పదిమంది గల గుడారమునకు పది ఓమెరులు పట్టెను. అది అత్యాశ కాదు. ఇద్దరున్న గుడారములో పది ఓమెరులు దాచిన అది తెల్లవారుసరికి పురుగుపట్టెను. మన నడిమింటి తెరకును ఇదే కొలత.

కడపట ఒక సంగతి. మాకు ఇదే అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. మేము పరామర్శకు వెళ్లు ఇండ్లలో మేము రాగానే మర్యాదకొరకు టీవీ ధ్వని తగ్గింతురు. బొమ్మను మాత్రము ఆర్పరు. బోరు ఎండిపోయిన సంగతిని ఇంటాయన చెప్పుచుండును. కుమార్తెను అత్తవారు పంపివేసిన సంగతిని తల్లి చెప్పుచుండును. ధ్వనిలేని బొమ్మ గోడమీద ఆడుచుండును. చెప్పువాని కన్ను ఒకసారి, వినువాని కన్ను ఒకసారి అటు పోయి వచ్చును. దుఃఖము సగములో తెగిపోవును. తెర ఎంత పెద్దదైన అంత త్వరగా కన్ను అటు పోవును. ఈ పరీక్షను అంగడిలో ఎవరును చెప్పరు. ఇంట మనమే చేసికొనవలెను. పిల్లల విషయములోను ఇట్లే. రెండేండ్లు నిండని బిడ్డకు తెర అసలు వద్దనియు, రెండు మొదలు నాలుగేండ్ల వయసు వారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పెను. ఆ వయసు బిడ్డ చూడవలసినది తల్లి ముఖము.

కనుక టీవీ కొనకమునుపు గదిలో అది వెలుగుచున్నట్లు ఊహించుకొనుట చాలదు. ఆరియున్నట్లు కూడ ఊహించుకొనుడి. అప్పుడు చాపలు, కుర్చీలు ఎటు తిరిగియున్నవి? అన్నియు నల్లని గోడవైపే తిరిగియున్న యెడల ఆ తెర ఆ గదికి పెద్దది, అంగుళములు ఎన్నయినను. మనుష్యులు ఒకరి ముఖము ఒకరు చూచుకొనునట్లు కూర్చుండుటకు చోటు మిగిలియున్న యెడల, వచ్చినవారు తమ భారము దించుకొనుటకు చోటు మిగిలియున్న యెడల, అది ఆ ఇంటికి చాలిన తెర. దానిని సంతోషముతో కొనుడి, ఇరుగుపొరుగువారిని పిలిచి చూపుడి. ఎవరైన కన్నీటితో గడప త్రొక్కినప్పుడు లేచి దానిని పూర్తిగా ఆర్పుడి.

ఎంత చాలునో ఎరుగు మనస్సును ప్రభువు మన ఇండ్లకన్నిటికి దయచేయును గాక.